మాణిక్యమ్మత్త మేలుకొలుపు

శుభ శుక్రవారం మూడు గంటల ఆరాధన ముగిసింది. తెనాలి చర్చి ఆవరణలో గుండిగ మూత తీయగానే వేడి గంజి వాసన, ఉప్పూకారం అద్దిన పచ్చి మామిడికాయ ముక్కల వాసన కలిసి వచ్చాయి. అంతే, నేను రేపల్లెలో మా పాత వీధిలో ఉన్నాను. మాణిక్యమ్మత్త నా గ్లాసులో గంజి పోస్తోంది.

ఆవిడ మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. మా వీధికి ఈస్టరు ఆవిడ కంజిరతోనే వచ్చేది. తెల్లవారకముందే పాటల జట్టును వెంటేసుకుని ఇంటింటి ముందూ ఆగి, "క్రీస్తు లేచెను!" అని కేకేసేది. లోపలివాళ్లు "నిజముగా లేచెను!" అనేదాకా కదిలేది కాదు. దుప్పట్లోంచి అన్నా ఒప్పుకునేది. అనకపోతే కంజిర కిటికీ దగ్గరకొచ్చేది.

ఒక ఏడు శ్రమల కాలం నలభై రోజులూ నేను నీచు ముట్టలేదు. ఆ సంగతి వీధిలో తెలియనివాళ్లు లేకుండా చూసుకున్నాను కూడా. మట్టల ఆదివారం ఊరేగింపులో, అందరూ వింటుండగా, "మా అన్నయ్యకేమండీ, రాత్రి మెత్తళ్ల పులుసు లాగించి పొద్దున్నే మట్ట పట్టుకొచ్చాడు" అన్నాను. అందరూ నవ్వారు. సామేలన్నయ్య చేతిలోని మట్టను గోడకు ఆనించి వీధి చివరున్న తన ఇంటికి వెళ్లిపోయాడు. నాతో మాట మానేశాడు. పండగ మర్నాడే బదిలీ మీద బాపట్ల వెళ్లిపోతున్నాడు. మాట కలవకుండానే వెళ్లిపోతాడేమోనని నాకు అన్నం సహించలేదు.

ఆ శుక్రవారం గంజి పోస్తూ అత్త అంది: "పొట్టని కట్టేశావు, బానే ఉంది దానియేలూ. నోటినెవరు కట్టేస్తార్రా?"

"వెళ్లి మన్నించమని అడుగుదామంటే మొహం చెల్లట్లేదత్తా."

"ఆదివారం కోడి కూయకముందు రా. చీకట్లో నీ మొహం ఎవడికి కనపడుద్దిలే."

వెళ్లాను. అన్నయ్య గుమ్మం ముందు అత్త కంజిర ఆపేసి నన్ను ముందుకు తోసింది. "క్రీస్తు లేచెను!" అన్నాను. లోపల చప్పుడు లేదు. మళ్లీ అన్నాను.

"ఏరా సామేలూ! లేచాడా, లేవలేదా? లేవలేదంటే చెప్పు, మేం ఇళ్లకెళ్లి పడుకుంటాం!" అంది అత్త. జట్టంతా ఘొల్లుమంది.

లోపల చెంబేదో దొర్లింది. "నిజముగా లేచెను! లేచెను లేవే అత్తా, తలుపు తీస్తన్నా!"

చెదిరిన జుట్టుతో గుమ్మంలో నిలబడ్డాడు. "తప్పయింది అన్నయ్యా" అన్నాను. నన్ను ఎగాదిగా చూశాడు. "మధ్యాహ్నం వేటమాంసం వండుతోంది మీ వదిన. నోరు తినడానికే వాడతానంటే రా."

ఆ పూట తిన్నంత మాంసం మళ్లీ ఎన్నడూ తినలేదు. విస్తరి ఎత్తేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. అందుకూ నవ్వారు.

అత్త ఇప్పుడు రేపల్లె సమాధుల తోటలో ఉంది. ఏటా ఈస్టరు తెల్లవారుజామున అన్నయ్య బాపట్ల నుంచి, నేను తెనాలి నుంచి అక్కడికి చేరి కొవ్వొత్తులు వెలిగిస్తాం. ముందు చేరినవాడు కేకేస్తాడు, వెనకొచ్చినవాడు గేటు దగ్గర్నుంచే బదులిస్తాడు.

ఈ పొద్దున అన్నయ్య ఫోనులో అడిగాడు, ఈ ఏడు శ్రమల కాలంలో ఏం మానేశావురా అని. చెప్పలేదు. మీక్కూడా చెప్పను.