ఆకలి మీద ఓటు

నార్త్ కార్వర్‌లో మార్చి నెల మొదటి మంగళవారం ఊరు ఊరంతా బడి హాల్లో కూర్చుని ఏడాది ఖర్చులు తేల్చుకుంటుంది. రోడ్ల సంగతి పొద్దున్నే తేలిపోతుంది. బడి బడ్జెట్ మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యాకే ఓటుకొస్తుంది. వచ్చి నెగ్గుతుంది. అది ఎవరి చలవో ఆ ఊళ్లో పసిపిల్లనడిగినా చెబుతుంది. ఆర్డిస్ టాట్రో వండే ‘చికెన్ పై’ చలవ. మెత్తగా ఉడికిన కోడిమాంసం, క్యారెట్లు, చిక్కటి గ్రేవీ, మీద పొంగిన పిండి మూత. అది రెండు ప్లేట్లు లాగించినవాడు పన్ను పెంచుతామన్నా సరేనని తలాడిస్తాడు. తల అడ్డంగా ఊపడానికి వాడికి ఓపిక మిగలదు మరి.

ఆర్డిస్ దాణా కొట్టులో కౌంటరు చూసుకుంటుంది. మొగుడు లియోన్ ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. ఆర్డిస్ మనిషి పొట్టి, గొంతు చిన్నది. పెళ్లయి ఆ ఊరొచ్చిన నాటినుంచీ సభంటే ఆమెకు తెలిసింది వంటగదికీ హాలుకూ మధ్యనున్న వడ్డన కిటికీలోంచి వినబడినంతే. ఓటు వేళకు ఏప్రాన్‌తోనే గుమ్మం దాకా వచ్చి, చెయ్యెత్తి, మళ్లీ పొయ్యి దగ్గరికి పరుగెత్తేది. సభలో నోరు విప్పిన పాపాన పోలేదు.

అలాంటి మనిషి ఈసారి బడిని నడిపే బోర్డుకు పోటీకి నిలబడింది. దానికి కారణం బడి గదులకు వేడినిచ్చే బాయిలర్. ఈ చలికాలం అది మొరాయించినప్పుడల్లా చిన్న తరగతుల టీచరు పిల్లల్ని వెంటేసుకుని రోడ్డు దాటి దాణా కొట్టుకొచ్చేది. పిల్లలు బస్తాలెక్కి, పొయ్యి చుట్టూ చేరి పాఠాలు చదువుకునేవాళ్లు. మొదట్లో ఆర్డిస్‌కు సరదాగానే ఉంది. పోనుపోను సిగ్గేసింది. అందులో ఒక పిల్ల చేతుల ఉన్ని తొడుగులు తీయకుండానే పేజీలు తిప్పడం నేర్చేసుకుంది. బళ్లో నేర్వాల్సిన విద్య అది కాదని ఆర్డిస్ ఇంటికొచ్చి లియోన్ దగ్గర వాపోయింది.

"నాకు చెబితే ఏం లాభం? నేనేమన్నా బోర్డునా?" అన్నాడు లియోన్, సూపు గిన్నెలోంచి తలెత్తకుండా.

బోర్డులో ఖాళీ ఒకటే. ఎదురు నిలబడ్డవాడు విన్‌స్లో డట్టన్. పాడి రైతు, పక్క పొలంవాడు, రోజూ ఆర్డిస్ కొట్టులో కాఫీ తాగి వాతావరణాన్ని తిట్టిపోయేవాడు. ఏటా బడి బడ్జెట్ మీద ఇంతెత్తున లేచి, ఆ నోటితోనే మూడు ప్లేట్ల చికెన్ పై తిని, తిన్నాక కూడా వ్యతిరేకంగా ఓటేసే ఒకే ఒక్క మగాడు. మనిషి మంచివాడే. మాటే పచ్చి వెలక్కాయలా వగరు.

సభ రోజున అభ్యర్థులిద్దరినీ మాట్లాడమన్నాడు అధ్యక్షుడు ఎబెన్ కోల్బీ. ఆ ఊరి సభలో ఎవరేమన్నా అధ్యక్షుడితోనే అనాలి, ఒకరినొకరు నేరుగా అనుకోకూడదు. తరాల కిందట ఏదో కొట్లాట జరిగి పెట్టుకున్న కట్టుబాటది.

విన్‌స్లో ముందు లేచాడు. "అధ్యక్షా, పాల ధర పడిపోయింది. పన్ను మాత్రం ఎక్కుతూనే ఉంది. బాయిలర్‌కు మంచి పనివాడెవడైనా ఒక అతుకేస్తే ఇంకొన్నేళ్లు ఈడుస్తుంది. ఇక చదువంటారా, పరీక్షల్లో మన పిల్లలు పక్కూరి వాళ్లకంటే కిందున్నారు, నిజమే. డబ్బు పోస్తే మార్కులొస్తాయా? మేమంతా ఒకే గదిలో చదివాం. చదువు రాలేదా?"

"నీకొచ్చిందా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. హాలంతా గొల్లుమంది.

"నాకు రాకపోయినా లెక్కలొచ్చు," అన్నాడు విన్‌స్లో తొణక్కుండా. "ఇంకొక్క మాట, అధ్యక్షా. ఈ ఊళ్లో బడి బడ్జెట్‌కు ఎవరూ బుర్రతో ఓటెయ్యలేదు, పొట్టతో వేశారు. ఆ వండే చెయ్యే బోర్డులో కూర్చుంటే, ఇక మనకు ఓటెందుకు, చెంచా ఇస్తే చాలు."

మళ్లీ నవ్వులు. మరో ఏడాదైతే ఆర్డిస్ కూడా కిటికీ వెనక నవ్వుకునేదే. ఇన్నేళ్లూ ఆ మాటే తలుచుకుని లోలోపల మురిసిపోయింది కూడా. ఇవాళ ముఖం మీద కొట్టినట్టయింది. జనానికి కావలసింది తన వంటా, పిల్లల బడా? తనకెప్పటికీ తెలియదు కదా!

లేచి నిలబడింది. మొదటి రెండు మాటలు ఎవరికీ వినబడలేదు. గట్టిగా చెప్పమన్నాడు ఎబెన్.

"అతుకులు వేసీ వేసీ బాయిలరే అతుకైపోయింది, అధ్యక్షా. ఏటా ఆ అతుకులకు పెట్టేది కలిపితే కొత్తది వస్తుంది. పుస్తకాల గది కప్పు కారుతోంది, బకెట్ పెట్టారు. ఇక మార్కులంటారా... విన్‌స్లో కొట్టంలో దూడలకు వెచ్చగా ఉండాలని దీపం వేలాడదీశాడు. దూడ ఎదగకపోతే ఆయన దూడని తిట్టడు. ముందెళ్లి దీపం చూస్తాడు. మన పిల్లలకు ఆపాటి చేద్దామంటున్నాను. అంతే."

ఎవరూ నవ్వలేదు. విన్‌స్లో తన బూట్ల వంక చూసుకున్నాడు.

ఇంతలో వంటగది నుంచి వాసన హాల్లోకి పాకింది. ముందు వరుసలో ఒకాయన, ఏటా అనే మాటే, సభ ఆపి భోజనాలకు లేద్దామన్నాడు.

"వద్దు," అంది ఆర్డిస్, ఇంకా నిలబడే ఉండి. "ముందు ఓటు. తర్వాతే తిండి."

ఎబెన్ కళ్లజోడు తీశాడు. "ఇది సభలో మాటా, వంటగది మాటా?"

"రెండూను. పిల్లల కోసం చెయ్యెత్తుతారో, నా చికెన్ పై కోసం ఎత్తుతారో ఒక్కసారి నన్ను చూడనివ్వండి. వంటగది తాళం నా జేబులో ఉంది."

టీచరు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. లియోన్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఊరు ఊరంతా కడుపు మాడ్చుకుని, కొత్త బాయిలర్ ఖర్చూ కలిసిన బడి బడ్జెట్ మీద పోట్లాడింది. చివరికి చేతులెత్తమన్నాడు ఎబెన్. లెక్కపెట్టి, నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టాడు. నెగ్గింది. అత్తెసరుగానైనా నెగ్గింది. విన్‌స్లో చెయ్యి మాత్రం లేవలేదు. ఆర్డిస్ కళ్లు తుడుచుకుంది. ఊరు తన ఊరేనని ఆమెకు అంత గట్టిగా ఏనాడూ అనిపించలేదు.

బోర్డు ఖాళీకి చీటీలు వేసి జనం ప్లేట్లు పట్టుకుని కిటికీ ముందు బారు తీరారు. ఆర్డిస్ ఏప్రాన్ కట్టుకుని వడ్డించసాగింది.

ముందుగా వచ్చింది థెల్మా ముసలమ్మ. చెయ్యి చాచి ఆర్డిస్ బుగ్గ నిమిరింది. "ఎంత బాగా మాట్లాడావే పిల్లా! ఏమనుకోకేం, నేను విన్‌స్లోకే వేశాను. బోర్డువాళ్లు సభ రోజున ముందు బల్ల దగ్గర కూర్చోవాలట కదా. నువ్వక్కడ కూర్చుంటే మాకు వండేదెవరు?"

ఆ వెనకాయనా అదే అన్నాడు, నవ్వుతూ. ఆ వెనకావిడ కూడా. అందరూ ప్రేమగానే చెప్పారు. ఆర్డిస్ తలొంచుకుని ఒక్కొక్కరికీ వడ్డిస్తూ పోయింది.

భోజనాలయ్యాక ఎబెన్ ఫలితం చదివాడు. విన్‌స్లో గెలిచాడు. వెళ్లి ముందు బల్ల దగ్గర, పెళ్లికి పిలవకుండా వచ్చినవాడిలా కూర్చున్నాడు. ఇక చివరగా వంటగదికి ధన్యవాదాలన్నాడు ఎబెన్. ఊరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఎంతకీ ఆపలేదు. అది ప్రేమేనని ఆర్డిస్‌కు తెలుసు. అందుకే ఎక్కువ నొప్పెట్టింది.

చేతులు తుడుచుకుంటూ హాల్లోకొచ్చింది. "అధ్యక్షా, ఒక్క మాట. వచ్చే మార్చిలో ఖాళీ ఉంటే నేను మళ్లీ నిలబడతాను. లేకపోయినా వచ్చి అందరితోపాటు కుర్చీలో కూర్చుంటాను. వంట మాత్రం చెయ్యను. ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, నేర్చుకోవడానికి మీకు ఏడాది పడుతుంది."

చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

"ఇది తీర్మానమా, ఆర్డిస్?" అన్నాడు ఎబెన్ మెల్లగా.

"కాదు. కబురు."

విన్‌స్లో లేచాడు. "ఏదైనా సరే, నేను బలపరుస్తున్నాను. అధ్యక్షా, ఇవాళ నాకు పడ్డ ఓట్లలో సగం నావి కావు, కోడిమాంసానివి. ఆ సంగతి ఆ కిటికీ ముందు బారులో నేనూ విన్నాను." గొంతు సవరించుకుని, కట్టుబాటు తప్పి నేరుగా ఆమె వైపే తిరిగాడు. "పిండి కలపడం నాకు నేర్పుతావా?"

ఆర్డిస్ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"శనివారం రా," అంది. "చేతులు కడుక్కుని రా."