గోడ మీద పందొమ్మిదో దీపం

మా బాపమ్మ బతికినన్నాళ్లూ దీపం ‘ఆరింది’ అనే మాటను ఇంట్లో ఎవరి నోటా రానివ్వలేదు. ‘కొండెక్కింది’ అనాలి. పొరపాటున నోరు జారితే వయసు చూడకుండా నెత్తిన ఒకటి మొట్టేది. కన్నకొడుకైన మా బాపును కూడా వదల్లేదు. అలాంటి ఇంట్లో పుట్టి కూడా, రెండేళ్ల పాటు రోజూ సాయంత్రం ఒక గోడ మీద దీపాలు ఎప్పుడు ఆరుతాయా అని ఎదురుచూశాం.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వెనక ఒక బాట ఉండేది. ఒక పక్క పాత గోదాము గోడ. ఇంకో పక్క సర్కారు తుమ్మలు, వాటి అవతల బొగ్గు బండ్లు పోయే పట్టాలు. టైపు ఇన్‌స్టిట్యూటుకు, కుట్టు క్లాసుకు, దవాఖానకు అదే దగ్గర దారి. మెయిన్ రోడ్డున పోతే అరగంట, ఇటు పోతే పది నిమిషాలు. చలికాలం ఆరు గంటలకే ఇంటింటి బొగ్గుపొయ్యిల పొగ కిందికి దిగి బాటను కప్పేసేది. స్తంభానికి బల్బు పెడితే వారం తిరక్కుండా రాయి పడేది. గోడ కింద కూర్చుని తాగేవాళ్లకు వెలుతురు గిట్టేది కాదు. మేం పోతుంటే ఒక దగ్గు, ఒక ఈల, ఒక పాట ముక్క.

నాకప్పుడు ఇంటర్ అయిపోయింది. టైపు లోయర్ పరీక్షకు కట్టాను. ఒక సాయంత్రం వస్తుంటే ఎవరో నా వోణీ కొంగు పట్టి లాగారు. చేతిలోని షార్ట్‌హ్యాండు పుస్తకంతో చీకట్లో అందినచోటల్లా బాది ఇంటికి పరుగెత్తుకొచ్చాను. పుస్తకం అట్ట ఊడిపోయింది. ఎవరికి తగిలిందో తెలీదు కాని గట్టిగానే తగిలి ఉంటుంది. ఇప్పటికీ అది తలచుకుంటే నాకు తృప్తిగానే ఉంటుంది.

బాపమ్మ మాత్రం, “ఇగ సాలు. రేపటి సంది పోవుడు బందు,” అంది. అమ్మ ఏమీ అనలేదు. మా ఇంట్లో అమ్మ ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే. పరీక్షకు రెండు నెలలుంది. పరీక్ష పోతే ఉద్యోగం మాట పోతుంది, ఆ తర్వాత నా గురించి మాట్లాడుకోవడానికి పెళ్లి ఒక్కటే మిగులుతుంది. కొంగు లాగినవాడు హాయిగా బాట మీద ఉంటే నేను ఇంట్లో ఎందుకుండాలి? రెండు రోజులు అన్నం మానేశాను. మూడో రోజు ఆకలికి ఆగలేక తిన్నాను కాని కోపం మాత్రం తగ్గలేదు.

మా బాపు గని మీద ల్యాంపు రూములో పనిచేసేవాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ల ఒకటి ఉంటుంది. దిగేముందు బిళ్ల ఇచ్చి టోపీకి పెట్టుకునే దీపం తీసుకోవాలి. ఆ బిళ్ల బోర్డుకు వేలాడుతుంది. పైకొచ్చి దీపం ఇచ్చి బిళ్ల తీసుకుపోవాలి. బోర్డు మీద బిళ్ల ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. ఒకసారి షిఫ్టు అయిపోయినా ఒక బిళ్ల మిగిలిపోయిందట. రాత్రంతా వెతికారట. తెల్లారి చూస్తే ఆ మహానుభావుడు పక్క గని దారిన పైకొచ్చి, టోపీ దీపంతో సహా అత్తగారింటికి పోయి పడుకున్నాడట. ఆ కథ చెప్పినప్పుడల్లా మేం పడీపడీ నవ్వేవాళ్లం. బాపు నవ్వేవాడు కాదు.

ఆ మూడో రోజు, నేను అన్నం తింటుంటే బాపు ఎదురుగా కూర్చున్నాడు. “గనిల దిగిన ప్రతి ఒక్కని సంగతి నాకు బోర్డు చెప్తది. నా బిడ్డ బాట మీదికి పోతె చెప్పేటోళ్లు లేరు. గిదేం లెక్క?” అన్నాడు. తనలో తానే అనుకున్నట్టు అన్నాడు.

ఆదివారం పెయింటర్ చాచాను వెంటబెట్టుకొచ్చాడు. చాచా దుకాణాల బోర్డులు రాసేవాడు, గనుల గోడల మీద జాగ్రత్త బొమ్మలూ ఆయనవే. గోదాము గోడకు సున్నం కొట్టి, ఆ బాటన నడిచే ఆడవాళ్లందరి బొమ్మలూ నిలువెత్తున వేశాడు. ఒకామె చేతిలో కుట్టు మిషను, ఒకామె నెత్తిన కూరగాయల గంప, నా చంకలో టైపు మిషను. నాకు లేని బారు జడ కూడా వేశాడు. అందరి నెత్తినా గని టోపీ. ఆ టోపీ దగ్గర నిజమైన బల్బు ఉంటుంది. పనికిరావని పక్కన పెట్టిన టోపీ దీపాల బల్బులు, బ్యాటరీలు బాపు ఆఫీసులో అడిగి, కాగితం రాయించుకుని తెచ్చాడు. ప్రతి బొమ్మ చేతిలో రెండు మేకులుండేవి. ఆ రెంటి మీదా ఇత్తడి బిళ్ల తగిలిస్తే కరెంటు కలిసి బల్బు వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. షాకు కొట్టేంత కరెంటు కాదు.

గనిలో లాగే మాకూ తలా ఒక నంబరు బిళ్ల ఇచ్చారు. పోయేటప్పుడు ఎవరి బిళ్ల వాళ్లు తగిలించాలి, వచ్చేటప్పుడు తీసుకోవాలి. నా నంబరు పందొమ్మిది. ఎంతమంది బయటుంటే బాట అంత వెలుగుగా ఉండేది. బాపు గోడ పక్క మురుగు మోరీ మీది బండ మీద కూర్చుని ఆఖరి దీపం ఆరేదాకా లేచేవాడు కాదు. ఆయనకు సెకండ్ షిఫ్టు పడిన వారం చాచా కూర్చునేవాడు.

దీపం ఆరితే సంతోషపడటమేమిటని బాపమ్మ నెల రోజులు గొణిగింది. నాకేమో వేరే మంట. “మా దీపాలేనా? మగోళ్లకు నంబర్లు లేవా చాచా?” అని గొడవపడ్డాను. “సహీ బాత్ బేటీ,” అని చాచా నవ్వి, తన బొమ్మను బొజ్జతో సహా వేసుకున్నాడు. పక్కనే మా అన్న బొమ్మ కూడా వేశాడు. “నేనేమన్న ఆడపిల్లనా?” అని అన్న అలిగాడు. నాకు మాత్రం కడుపు నిండింది.

మొదటి వారం రెండు బల్బులు పగిలాయి. ఆ తాగే గుంపులో ఒకాయన బిడ్డ దవాఖానలో పనిచేసేది. ఒక సాయంత్రం ఆయన గోడ కింద కూర్చోబోయి తలెత్తితే నెత్తిమీద కూతురి దీపం వెలుగుతోంది. సీసా చంకన పెట్టుకుని లేచిపోయాడు. మర్నాడు మిగతావాళ్లను అక్కడి నుంచి లేపిందీ ఆయనే. ఆ తర్వాత బల్బులు పగల్లేదు. బాపమ్మ నా క్లాసుకు ఊఁ అనలేదు కాని ఉహూఁ అని కూడా అనలేదు. నేను పరీక్ష పాసై హయ్యర్‌కు కట్టాను.

హయ్యర్‌కు పోతున్నప్పుడే నేను ఘనకార్యం చేశాను. ఆ రోజు వాన. క్లాసు ముందే వదిలేశారు. మా క్వార్టర్ల లైను చివర ఉండే స్నేహితురాలితో బస్సెక్కి, మెయిన్ రోడ్డున దిగి, ముందు వైపు నుంచి కాలనీలోకి వచ్చాను. టీవీలో పాటలొచ్చే రోజది. అటు నుంచి అటే వాళ్లింట్లో కూర్చుండిపోయాను. అమ్మ నేనింకా క్లాసులో ఉన్నాననుకుంది. వెనక బాటన రాలేదు కాబట్టి బిళ్ల సంగతే గుర్తు రాలేదు.

పాటలు అయిపోయేసరికి బయట ఒకటే చప్పుడు. టార్చిలైట్లు, గొడుగులు, తడిసిన మనుషులు. “ఏమైందక్కా?” అని పక్కింటామెను అడిగాను.

“ఎవలో పోరి రాలేదట. తుమ్మలల్ల దేవులాడుతున్నరు.”

ఎవరి పిల్లో అనుకుని గొడుగు పట్టుకుని నేనూ పోయాను. పట్టాల దాకా పోయి, “ఓ అక్కా! ఓ చెల్లే!” అని గొంతు చించుకున్నాను. ముందు నడిచే ఒక కాక వెనక్కి తిరక్కుండానే అన్నాడు: “అన్ని దీపాలు ఆరినయి. పందొమ్మిదో నంబరు ఒక్కటే ఎల్గుతున్నది.”

ఆ క్షణాన భూమి చీలితే దిగిపోయేదాన్ని, బిళ్ల కూడా ఇవ్వకుండా. గోడ దగ్గరికి పరుగెత్తాను.

గోడంతా చీకటి. నా బొమ్మ ఒక్కటే వెలుగుతోంది, ఆ లేని జడతో. దాని పక్కన బాపు వానలో తడుస్తూ నిలబడి ఉన్నాడు. అందరూ వెతకడానికి పోయారు. ఆయన పోలేదు. ల్యాంపు రూము మనిషి బోర్డు వదిలి పోకూడదు. మోరీ బండ మీద బాపమ్మ, నెత్తిన గోనెసంచి కప్పుకుని కూర్చుంది.

బాపు నన్ను చూశాడు. “బిళ్ల తియ్యి బిడ్డా,” అన్నాడు.

తీశాను. దీపం ఆరిపోయింది. బాపు ముఖం ఇక కనబడలేదు. తుమ్మల వైపు తిరిగి ఆయన అరిచిన అరుపు మాత్రం నా చెవుల్లో ఇంకా ఉంది.

“ఆరిందిరోయ్! దీపం ఆరింది! రాండ్రి!”

తుమ్మల్లోంచి, పట్టాల మీది నుంచి గొంతులు అందుకున్నాయి. ఆరిందా? ఆరిందట! వానలో ఎవరో ఈల వేశారు. జీవితంలో నాకు ముద్దొచ్చిన ఈల అదొక్కటే.

నేను సిగ్గుతో ఏడుస్తున్నాను. వెతికినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నా నెత్తిమీద చెయ్యి పెట్టి పోయారు. ఒక్కరూ తిట్టలేదు, తిడితే బాగుండనిపించింది. బాపు బండ మీద కూలబడి చాలాసేపు లేవలేదు.

ఇంటికి నడుస్తుంటే బాపమ్మ నా జబ్బ గట్టిగా పట్టుకుంది. ఇక రేపటి నుంచి బందే అనుకున్నాను. అడ్డం చెప్పడానికి నాకు నోరు లేదు. అయినా ఉండబట్టలేక, “రేపు క్లాసుంది బాపమ్మా,” అన్నాను.

ఆమె నా జబ్బ వదిలి, నెత్తి మీది గోనెసంచి సర్దుకుంది.

“పోయిరా. దీపం ఆర్పుడు మాత్రం మర్వకు,” అంది.