బీడు కాదు, బీల

తిత్లీ తుఫానుకు ముందటి ఏడాది, 2017 మార్చి. సంతబొమ్మాళి మండలంలో సముద్రానికి కాస్త ఇవతల, బొగ్గుతో నడిచే పెద్ద కరెంటు ప్లాంటు వస్తుందని కాగితాలు కదులుతున్న రోజులు. ఆ ప్లాంటుకు నేల పరీక్ష చేసే పని చేతులు మారి మారి, పూండిలో ఉండే నా దాకా వచ్చింది.

నా వృత్తి సాయిల్ టెస్ట్ బోరింగ్. అంటే నీళ్ళ కోసం కాకుండా పునాదుల కోసం బోరు వేయడం. మూడు కాళ్ళ ఇనుప స్టాండు నిలబెట్టి, నేల మీద ఒక రాడ్డు ఆనించి, దాని తల మీద బరువైన సుత్తిని తాడుతో ఎత్తి వదులుతాం. రాడ్డు ఒక అడుగు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో ఆ అంకెను ఎన్ వేల్యూ అంటారు. ఎక్కువ దెబ్బలు తింటే గట్టి నేల, తక్కువ దెబ్బలకే లొంగితే మెత్తని నేల. నా చదువు ఇంటర్‌తో ఆగింది. మట్టి గురించీ రాళ్ళ గురించీ మిగతా ప్రపంచం గురించీ నాకు తెలిసిందంతా టెక్కలి శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. అందుకే బోరు దిగుతున్నంతసేపూ పక్కనున్నవాళ్ళకు కొంత జ్ఞానం పంచుతుంటాను, వాళ్ళు అడగకపోయినా.

కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు పేరు ప్రదీప్. విజయవాడ వైపు కుర్రాడు, మంచివాడు, చురుకైనవాడు. వచ్చిన వారానికే మా యాస గుట్టు పట్టేశానన్నాడు.

"సెప్పు అంటే చెప్పు. సూడు అంటే చూడు. సేత్తన్నావు అంటే చేస్తున్నావు. ఇంతే కదండీ మీ భాష! తిప్పి రాసుకుంటే అచ్చ తెలుగు."

అప్పటి నుంచి చెవిన పడ్డ ప్రతి మాటనూ తిప్పడం మొదలుపెట్టాడు. నా దగ్గర పనిచేసే సూరిని రెండు రోజులు "చూరీ" అని పిలిచాడు. సూరి పలకలేదు. తనను కాదనుకున్నాడు.

ప్లాంటులో బొగ్గు కాల్చాక బోలెడు బూడిద మిగులుతుంది. దాన్ని నీళ్ళలో కలిపి, గొట్టాల్లో పంపి, చుట్టూ గట్టు కట్టిన పెద్ద చెరువులో నింపుతారు. అదే యాష్ పాండ్. దానికి మ్యాపులో చూపించిన చోటికి వెళ్ళాం. మార్చి ఎండకు పైనంతా పెచ్చు కట్టి ఉంది, అక్కడక్కడా గడ్డి. పక్కనున్న బాట గట్టు మీద దాలమ్మ అనే పెద్దామె నాలుగు గేదెలతో నిలబడి మమ్మల్నే చూస్తోంది.

"ఈ చోటును ఏమంటారమ్మా?" అనడిగాడు ప్రదీప్.

"బీల, బాబూ."

ప్రదీప్ నా వైపు తిరిగి కన్ను గీటాడు. "బీడు. మ్యాపులో కూడా వేస్ట్ ల్యాండ్ అనే ఉంది."

నేను గొంతు సవరించుకున్నాను. వానల నీరు, ఉప్పుటేరు పొంగిన నీరు చేరి నిలిచే పల్లపు నేలను మా తీరంలో బీల అంటారని, ఎండల్లో పైన ఆరినా లోపల తడేనని వివరంగా చెప్పాను. అతను బూటు మడమతో నేలను రెండుసార్లు తన్నాడు. టకటకమంది.

"గట్టిగానే ఉంది కదండీ. అసలు ఆ మాట నిఘంటువులో ఉందా?"

పుస్తకాల మనిషిని పుస్తకంతో కొట్టాడు. మర్నాడే టెక్కలి బస్సెక్కి, గ్రంథాలయంలో అన్నిటికన్నా లావుపాటి నిఘంటువు దింపించాను. బీడు ఉంది. బీద ఉంది. బీరకాయ కూడా ఉంది. బీల లేదు. మరోసారి వెతికాను. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి వెతికాను. పుస్తకాన్ని నమ్ముకున్నవాణ్ణి, అబద్ధం ఆడలేను కదా. తిరిగొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ప్రదీప్ నా భుజం తట్టి ఓదార్చాడు.

నాలాంటి వాళ్ళందరినీ వరస కలిపి అల్లుడా అనే దాలమ్మకు అది నచ్చలేదు. "పుస్తకంలో నేకపోతే బీల ఎండిపోద్దేటి అల్లుడా? అందులో మా గేదెల పేర్లున్నాయేటి? మరి పాలిత్తన్నాయి కదా!"

తర్వాత గొంతు తగ్గించి, "బూడిద ఇక్కడ పోసీత్తే మా గేదెలు ఎక్కడికెల్తాయి? వానల్లో మా ఆయన వలేసేది ఇక్కడే" అంది.

నా పని నేల ఎలా ఉందో చెప్పడం, ఎవరికి కావాలో చెప్పడం కాదు. కానీ ప్రదీప్ బోరు వేయమని చూపించిన చోటు గట్టు వారన, జీపు ఆగినచోట. ఏళ్ళ తరబడి బళ్ళు తొక్కి తొక్కి రాయిలా మారిన నేల. అక్కడ సుత్తి వేస్తే అంకె బ్రహ్మాండంగా వస్తుంది. ఆ అంకెతో బీలంతా గట్టినేల అయిపోతుంది.

"సార్, నడిమధ్యలో వేద్దాం" అన్నాను.

"బీడంతా ఒకటే కదండీ. స్టాండు మొయ్యడం దేనికి?"

గట్టు మీంచి దాలమ్మ నవ్వింది. "బీడే అయితే నడిమికి రాడానికి బయమేటి బాబూ? బూట్లు కూడా ఉన్నాయి నీకు."

సూరి కిసుక్కుమన్నాడు. ప్రదీప్ ముఖం ఎర్రబడింది. "పట్టండి స్టాండు" అన్నాడు.

నడిమధ్యకు మోశాం. స్టాండు కాళ్ళు కాస్త కుంగాయి. కింద పలకలు వేశాం. సూరి రాడ్డు నిలబెట్టి చెయ్యి వదిలాడు. సుత్తి ఇంకా కట్టనే లేదు. రాడ్డు తనంతట తనే మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

"ఆగవయ్యా, నేను రెడీ అనలేదు" అన్నాడు ప్రదీప్.

"నానేటీ సెయ్యలేదు సార్. అదే ఎల్లిపోతన్నాది!"

కంగారుగా పైన ఇంకో రాడ్డు బిగించాం. మొదటి దాని దారినే అదీ బయల్దేరింది.

"ఇంకోటుంటే అదీ పెట్టీయండి, తోడుగా ఉంటాది" అని దాలమ్మ గట్టు మీంచి సలహా ఇచ్చింది.

కంపెనీ సామాను పోతోందని ప్రదీప్ ముందుకు దూకి రాడ్డు పట్టుకున్నాడు. పెచ్చు పగిలింది. మోకాళ్ళ దాకా దిగాడు. కాలు లాగబోయి తొడల దాకా దిగాడు.

"సార్, కదలకండి!" అని అరిచాను. "ఇలాంటి బురదలో వెనక్కి వాలితే శరీరం బరువు సమంగా పరుచుకుంటుంది. శాస్త్ర ప్రకారం..."

"శాస్త్రం తరవాత సెప్పుకో అల్లుడా, ముందు బాబుని పైకి రానీ." దాలమ్మ ఒక గేదెను అదిలించుకుంటూ వచ్చేసింది. ఆ గేదెకు బీల సొంతిల్లు. ఈదుతున్నంత తేలిగ్గా వచ్చి ప్రదీప్‌కు వీపు చూపించి నిలబడింది.

"తోక పట్టుకో బాబూ. సిగ్గు పడకు, అదేటీ అనుకోదు."

పట్టుకున్నాడు. దాలమ్మ గేదెను ఒక్క దెబ్బ వేసింది. గేదె కదిలింది, దాని వెనక ఇంజనీరు గారు బొక్కబోర్లా గట్టుకు చేరారు. ఒక కాలికి బూటు ఉంది. రెండోది బీల ఉంచుకుంది.

సరిగ్గా అప్పుడే జీపులో వదిలేసిన ప్రదీప్ ఫోను మోగింది, హైదరాబాదు నుంచి వాళ్ళ పెద్దసారు. ప్రదీప్ చెయ్యి బురద కావడంతో నేనే స్పీకరు నొక్కి పట్టుకున్నాను.

"ఏమయ్యా, ఆ బీడులో ఎన్ వేల్యూ ఎంతొచ్చింది?"

"సున్నా సార్. సుత్తి వెయ్యకుండానే దిగిపోయింది. ఇది బీడు కాదు సార్, బీల."

"బీలా? అంటే ఏంటయ్యా?"

ప్రదీప్ నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే తన కాలి వైపు చూసుకున్నాడు.

"అంటే... నా బూటు లోపలుంది సార్."

పెద్దసారు ఫోను పెట్టేశారు. బూటు కథ నచ్చక కాదు, అంత మెత్తని నేలలో చెరువు గట్టు నిలబెట్టడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క మొదలైందని నా అనుమానం. తర్వాత వచ్చిన డ్రాయింగులో యాష్ పాండ్ ఆ చోట లేదు. ప్రదీప్ తన ఇంగ్లీషు రిపోర్టులో బీల అన్న మాటను ఏ అనువాదమూ చేయకుండా అలాగే ఉంచాడు. ప్లాంటు సంగతంటారా, అది ఇప్పటికీ కాగితాల్లో నానుతూనే ఉంది.

ఆ నిఘంటువులో పెన్సిలుతో "బీల" అని చేర్చబోతే గ్రంథాలయం వారు పుస్తకం లాక్కున్నారు. వాళ్ళ తప్పు లేదు. పుస్తకాల మీద నా గౌరవమూ తగ్గలేదు. అయితే అప్పటి నుంచి ఏ ఊళ్ళో దిగినా స్టాండు దించేముందు, ఈ నేలను మీరేమంటారని అడుగుతాను. చెప్పిన మాటను తిప్పకుండా వింటాను.

వానలు పడ్డాక అటు వెళ్తే దాలమ్మ ఎదురొచ్చింది. వాళ్ళాయన వలలో ఆ బూటు పడిందట. కడిగి, ఎండబెట్టి, చూరులో పెట్టింది.

"ఒక్కదాంతో మా ఆయన ఏటి సేసుకుంటాడు అల్లుడా? ఇంజనీరు బాబుకి ఫోను సెయ్యి" అంది. "రెండోది కూడా తెచ్చి బీలలో దింపీమని సెప్పు."