రెండో కుర్చీ

సోమవారం పొద్దున్నే ఆ అబ్బాయిని ఆసుపత్రికి తీసుకొస్తానని ఆమెకు మాటిచ్చాను. తీసుకుపోలేదు. పన్నెండేళ్ల కిందటి సంగతి. మా ఊరి సర్కారు ఆసుపత్రిలో గర్భిణులకు హెచ్‌ఐవి పరీక్ష చేయించి, ధైర్యం చెప్పి, మాత్రలు మానకుండా చూసుకున్న కౌన్సిలరమ్మ మొన్న గురువారం గుండె ఆగి పోయిందని ఫోనొచ్చినప్పుడు, నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ సోమవారమే.

సంతాప సభ పెట్టారు. ఇరవై ఏళ్లు ఆమెను కాంట్రాక్టు ఉద్యోగంలోనే ఉంచిన అధికారే ఆమె త్యాగమూర్తి అన్నాడు. బతికుండగా ఆమె మాట ఒక్కటీ చెవిన పెట్టని డాక్టరు కళ్లు తుడుచుకున్నాడు. నన్ను మాట్లాడమనలేదు. అందుకే రాస్తున్నాను.

ఆమెది కోసిగి పక్క పల్లె. ఏటా మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోయే కూలీల బిడ్డ. గదిలోకి వచ్చిన ఆడమనిషిని జబ్బు గురించి ముందు అడిగేది కాదు. "ఈసారి సుగ్గికి యాడికి పోతాండారు మా?" అని అడిగేది. ఎన్నాళ్లకు తిరిగొస్తారో తెలుసుకొని, అన్నాళ్లకు సరిపడా మాత్రలు ఇప్పించడానికి పైవాళ్లతో తగవు పడేది. బజారులో ఎదురైతే ఎవరినీ ముందు పలకరించేది కాదు. ఆమె పలకరిస్తే ఆ మనిషి జబ్బు ఊరికి తెలిసిపోతుందని. కడప నుంచి బదిలీ మీద వచ్చిన తెలుగు పంతుల్ని, నాకదేం తెలుసు? పొగరనుకున్నాను.

ఆమె బల్ల ముందు రెండు కుర్చీలుండేవి. ఒకటి భార్యకు, ఒకటి భర్తకు. రెండోది ఎప్పుడూ ఖాళీయే. ఎవరైనా దానిమీద సంచి పెడితే తీసి తన బల్లమీద పెట్టుకునేది. "అది మనిషిది మా, సంచిది కాదు" అనేది.

ఆ గదికి నన్ను తీసుకుపోయింది నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి. అయిదో నెల. కడుపుతో ఉన్నప్పుడు చేసిన పరీక్షలోనే జబ్బు బయటపడింది. రోజుకొక మాత్ర ఇచ్చారు. నెల తిరిగేసరికి సీసా ఖాళీగా తెచ్చేది, రక్తంలో వైరస్ మాత్రం తగ్గేది కాదు. మాత్రలు పారబోసి అబద్ధాలాడుతున్నావని డాక్టరు అందరి ముందూ కసిరాడు.

కౌన్సిలరమ్మ కసరలేదు. వేవిళ్లతో తిన్నది తిన్నట్టు కక్కుకుంటూ మాత్ర మింగడమే కష్టమయ్యే పిల్లకు నెలాఖరుకు ఒక్క మాత్రయినా మిగలకపోవడం ఏమిటని ఆలోచించింది. తలుపు వేసి, మెల్లగా అడిగింది. మాత్ర ఒకరోజు తాను, ఒకరోజు భర్త మింగుతున్నామని ఆ పిల్ల చెప్పింది. అతనికీ జబ్బుందని ఇద్దరికీ తెలుసు. వరసలో నిలబడితే ఎవరైనా చూస్తారని అతను ఆసుపత్రి గడప తొక్కడు.

నాకు అర్థమయ్యేటట్టు ఆమె చెప్పిన మాట ఇది: "పత్తికి సగం మందు కొడితే పురుగు సావదు సార్, మందుకు అలవాటు పడతాది. ఇదీ అంతే. ఈయమ్మ ఒంట్లో అది రూపు మార్చుకుంటే ఈ మాత్రలు ఇంక పారవు. బిడ్డకు పోయేదీ అదే. ఆయన ఈడికొచ్చి తన మాత్రలు తాను తీసుకుంటే సాలు."

అతను కూడా నా శిష్యుడే. మీ మాట వింటాడు సార్ అని ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. సోమవారం చెయ్యి పట్టుకొని తీసుకొస్తానన్నాను.

ఆదివారం వాళ్లింటికి పోయాను. అతని తండ్రికి ఇరవై మగ్గాలు, ఊళ్లో పలుకుబడి. నోరు తెరవకముందే ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "సుబ్బరాయుడు సారూ, మీ రిటైర్మెంటుకు రేపే సన్మానం. మావోడే శాలువా కప్పుతాడు. మీరు అనుకుంటాండే పుస్తకం కూడా మేమే అచ్చేయిస్తాం." అతను పక్కనే తల వంచుకొని ఉన్నాడు. నేనెందుకు వచ్చానో అతనికి తెలుసు. కాఫీ తాగి లేచి వచ్చేశాను.

సోమవారం శాలువా కప్పించుకున్నాను. అరగంట మాట్లాడాను కూడా, గురువు బాధ్యత గురించి.

పాప పుట్టింది. తల్లి నుంచి వట్టి జబ్బు కాదు, మందుకు లొంగని జబ్బు వచ్చింది. మొదటి మందులు తల్లికీ పారలేదు, బిడ్డకూ పారలేదు. వేరే మందులకు నెలనెలా కర్నూలు పెద్దాసుపత్రికి పోవలసి వచ్చింది. పసిబిడ్డకు చేదు మందు తాగించడానికి తల్లితో పాటు కౌన్సిలరమ్మ కూడా బస్సెక్కేది, సెలవు పెట్టి. పాపకిప్పుడు పన్నెండో ఏడు, కొత్త మందులతో నిలబడింది. భర్త మూడేళ్ల తర్వాత గాని ఆ గదికి రాలేదు. అతన్నీ ఆమె ఒక్క మాట అనలేదట.

నన్ను అంది, ఒక్కటే. చాలా ఏళ్లకు క్షమించమని అడగడానికి పోతే, నోటుబుక్కులోంచి తలెత్తకుండా "ఆ పొద్దు సాయంత్రం దాకా కుర్చీ తుడిచి పెట్టుకుంటి సార్" అంది. తర్వాత టీ తెప్పించింది.

నిన్న ఆ గదికి వెళ్లాను. రెండో కుర్చీ మీద ఎవరో ఫైళ్ల కట్టలు పెట్టారు. తీసి కింద పెట్టాను. దుమ్ములో నా వేళ్ల అచ్చులు పడ్డాయి. కూర్చోలేదు.

అధికారి గురించి, డాక్టరు గురించి, ఇరవై మగ్గాలాయన గురించి రాసిన దాంట్లో ఒక్క మాట వెనక్కి తీసుకోను. వాళ్ల పేర్లు మాత్రం రాయను. పేర్లు బయట పెడితే ఆమె ఒప్పుకునేది కాదు. ఆ ఆదివారం వాళ్లింట్లో నోరు తెరవవలసిన మనిషి పేరు ఒక్కటే రాస్తాను. ఇన్నేళ్లయినా నేను క్షమించనిది అతన్నే. తెలుగు పంతులు సుబ్బరాయుడు.