తులసికోట చుట్టూ ఫ్లాక్స్

మొన్న గుడివాడలో మా వీధిలోకి మొక్కల బండి వస్తే, కొత్తిమీర విత్తనాల కోసమని దిగి వెళ్ళిన నేను, గులాబీరంగూ తెలుపూ ఊదారంగూ కలగలిసి గుత్తులుగా పూసిన ఫ్లాక్స్ కుండీ ముందు అలాగే నిలబడిపోయాను. బండాయన నా వాలకం చూసి, ఇవి చలికాలం మొక్కలండీ, ఎండలు ముదిరితే పోతాయి, కాయలు ఎండాక టప్పున పగిలి గింజలు వాటంతటవే ఎగిరి పడతాయని చెప్పాడు. దాంతో నా బుర్ర మళ్ళీ పాత తికమకలో పడింది.

తొంభైల్లో నేను బందరు కాపురానికి వెళ్ళాను. తోట్లవల్లూరులో మా పుట్టింట ఏటి ఒండ్రులో ఏది గుచ్చినా బతికేది. బందరులోనేమో నేలా ఉప్పే, పంపు నీళ్ళూ ఉప్పే, మంచినీళ్ళ కుళాయి వచ్చిన రోజే పండగ. అందుకని మా నాన్నగారు ఫ్లాక్స్ విత్తనాల పొట్లంతోపాటు గోనెసంచీడు ఒండ్రుమట్టిని బస్సులో వేసుకొచ్చారు. కూతురికి మట్టి సారె తెచ్చిన వియ్యంకుణ్ణి ఇప్పుడే చూస్తున్నానని మా అత్తగారు ఆయన ముఖం మీదే అన్నారు. అది వేళాకోళమో ఎత్తిపొడుపో తెలియక నాన్నగారు నవ్వేసి ఊరుకున్నారు.

అత్తగారి పెరట్లో పనిలేని మొక్క ఉండేది కాదు. మందారం, నందివర్ధనం దేవుడికి, మల్లె, కనకాంబరం జడలోకి, తోటకూర పప్పులోకి. నా ఫ్లాక్స్‌కి వాసన లేదు, మాల కడదామంటే కాడ చాలదు. "దేవుడికా, జడకా? ఎందుకమ్మాయ్ ఇవి? మంచినీళ్ళు దండగ!" అనేవారు. ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి నాకున్నది ఆ ఒండ్రుమట్టిలో వేసుకున్న ఫ్లాక్స్ మడి ఒక్కటే. అది నిలిస్తే నేనూ నిలుస్తానని లోలోపల గట్టిగా అనుకునేదాన్ని.

శివరాత్రి దాటాక ఆకులు పసుపెక్కాయి. మల్లె, మందారంలాగ ఇవీ ఏళ్ళ తరబడి ఉండే మొక్కలేననుకుని, తాగే బిందెలోంచి తీసి మరీ పోశాను. పోసినకొద్దీ వాడిపోయాయి. కొత్త కోడలు వేసినది ఎండిపోతే ఎవరేమంటారోనని భయం కూడా పట్టుకుంది. ఓ సాయంత్రం బడిలో పాఠాలు చెప్పి ఇంటికొచ్చేసరికి మడి లేదు. అత్తగారు మొత్తం పీకేసి, మట్టి తిరగేసి, గోంగూర చల్లేశారు. నన్నే పీకేసినట్టు ఏడుపొచ్చింది. ఎండినవి పీకక దాచుకుంటారా అని మావారు తేల్చేశారు. చాలాకాలం ఆవిడతో ముక్తసరిగానే మాట్లాడాను, నా అలక ఆవిడ గమనించారో లేదో ఇప్పటికీ తెలియదు.

కార్తీకమాసంలో తులసికోట దగ్గర దీపం పెడుతుంటే చుట్టూ మట్టిలో మొలకలు కనిపించాయి. ఆకు చూసి పోల్చుకున్నాను, ఫ్లాక్సే! నా మడి ఉన్నది పంపుకి అవతల. ఇవేమో కోటకి నాలుగువైపులా, ముగ్గు చుక్కల్లా ఎడం తప్పకుండా ఉన్నాయి. అడిగితే అత్తగారు వత్తులు చేసుకుంటూ తలెత్తకుండానే, "పడి మొలిచుంటాయి. మొలిచినవాటిని పీకుతామా ఏమిటి?" అన్నారు. పీకిన మనిషే అన్న మాట అది! ధనుర్మాసానికి విరగబూశాయి. ఆవిడ రోజూ తులసికి పోయగా చెంబులో మిగిలిన నీళ్ళు వాటి మొదట్లో ఒంపేవారు, దండగ, దండగ అని గొణుక్కుంటూనే.

అత్తగారు పోయి చాలాకాలమైంది. ఎగిరిపడ్డ గింజలు వరుసలో మొలుస్తాయా అని బండాయన్ని అడిగితే, గింజలకేం తెలుసమ్మా వరుసలు అని నవ్వాడు. మరి ఆవిడే ఆ గింజలు దాచి నాటి ఉంటే, నన్ను అప్పుడే ఒప్పుకున్నట్టా? ఒప్పుకుంటే ఆ ఒక్క మాట నాతో అంటే ఏం పోయేది? ఈ కాలం వేరు. నా కోడలు నచ్చినదీ నచ్చనిదీ నా ముఖం మీదే చెప్పేస్తుంది, ఎవరికీ ఏ అనుమానమూ మిగలదు, హాయిగానే ఉంటుంది. నేనూ అలాగే మారాననుకున్నాను. బాల్కనీ బోసిగా ఉందని తను అన్న మాట గుర్తుండే కదా ఆ ఫ్లాక్స్ కుండీ కొన్నాను. తీరా సాయంత్రం తను వచ్చి, నా కోసమేనా అత్తయ్యా అని సంబరంగా అడిగితే, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తకుండానే, "బండిలో మిగిలిపోయిందటమ్మా, ఇచ్చిపోయాడు" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియలేదు.