కాణిపాకం పేరు చెప్పి

పూతలపట్టు బెల్లం వ్యాపారి గంగాధరం భార్య దేవకమ్మ ఏడాదికొక అబద్ధం ఆడేది. అబద్ధం చిన్నదే గానీ, ఆడింది మాత్రం ప్రమాణాల దేవుడు కాణిపాకం వినాయకుడి పేరు మీద.

ఆమె అక్క యశోదమ్మ గర్భసంచి కేన్సరుతో పోయింది. “ఏడాది ముందర చూసుంటే బతికేదమ్మా” అన్నది చిత్తూరు డాక్టరమ్మ. అప్పటినుంచి దేవకమ్మ, ఏ నొప్పీ లేకపోయినా, ఏటా ఆమె దగ్గర పరీక్ష చేయించుకునేది. ఇంట్లో చెప్పే వీల్లేదు. “రోగం లేకుండా ఆస్పత్రి గడప తొక్కితే, రోగమే దారి కనుక్కోని ఇంటికొస్తాది” అని అత్త వరదమ్మ సిద్ధాంతం. ఆ ఇంట్లో వరదమ్మ సిద్ధాంతాలకు అప్పీలు లేదు. అందుకని కాణిపాకం. ఆ సామి పేరు చెప్పి ఆ సామినే ఎగ్గొట్టే ధైర్యం జిల్లాలో ఎవరికీ లేదు గనక, చిత్తూరులో పని కాగానే కాణిపాకం పోయి, విభూతి తెచ్చి అందరి నొసళ్లకూ పెట్టేది. భార్య భక్తికి గంగాధరం పొంగిపోయేవాడు.

ఎనభైమూడులో వరదమ్మ కూడా కొత్త చీర కట్టుకుని బయల్దేరింది. ఈ ఏటికి పరీక్ష లేనట్టేనని దేవకమ్మ దిగులుగా బస్సెక్కింది.

సన్నిధిలో వరదమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

“సామి సూస్తా ఉండాడు, నిజం సెప్పు. పొద్దున పోయి పొద్దుగూకినాక వస్తావు. ఈ ఒక్క సామికి అంత సేపా? ఏటేటా యాడికి పోతా ఉండావు?”

కాణిపాకంలో బొంకడానికి ఆరితేరిన ప్లీడర్లే జంకుతారు. దేవకమ్మ అంతా చెప్పేసి, తిట్లకోసం తల వంచుకుంది.

తిట్లు రాలేదు. వరదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వినాయకుడి చెవులకు కూడా అందనంత మెల్లగా అంది:

“ముట్లుడిగి పదేండ్లాయ. ఇప్పుడు మళ్లా కనపడతా ఉండాది. కొడుక్కి సెప్పేదా? సిగ్గుతో సస్తా ఉండానే.” చుట్టూ ఒకసారి చూసి అడిగింది: “ఆ డాక్టరు ఆడమనిషేనా?”

“ఆడమనిషే అత్తా.”

“నువ్వు పక్కన ఉంటావా?”

“చెయ్యి పట్టుకోనే ఉంటా.”

“ఇంక ఈడేం పని? సామి యాడికీ పోడు. బస్సు పోతాది, పద!”

చిత్తూరులో ఇద్దరికీ పరీక్ష అయింది. వారానికి మళ్లీ రమ్మన్నారు.

“మళ్లా కాణిపాకమా?” అన్నాడు గంగాధరం. “అంత పెద్ద ప్రమాణం ఏం చేసినారమ్మా?”

“అత్తాకోడళ్లం కొట్లాడుకోమని, నాయనా.”

గంగాధరం ఆ మహిమకు నిలువునా చలించి, దేవుడి పటం ముందు టెంకాయ కొట్టాడు.

వారం తర్వాత డాక్టరమ్మ దేవకమ్మకు ఏమీ లేదంది. వరదమ్మకు కేన్సరు మొదట్లోనే దొరికింది, ఆపరేషనుతో పోతుందంది. యశోదమ్మకు ఎవరూ చెప్పలేకపోయిన మాట అది. దేవకమ్మ అక్కడే ఏడ్చింది.

“ఊరుకోవే” అంది వరదమ్మ, పట్టుకున్న చెయ్యి వదలకుండా. “ఇంటికి పోయి వాడికి నేనే సెప్తా. ముందు కాణిపాకం పోదాం. పోతామని సెప్పి వచ్చినాం గదా.”