బాలింత గదిలో సిగిడి

నా చిన్నప్పుడు, ఒక ముసురు పొద్దున మా ఇంట్లో జరిగిన సంగతిని ఇన్నేళ్లుగా నేను తప్పుగా చెబుతూ వచ్చాను. నేను చెప్పే తీరుకు జనం నవ్వేవారు. వాళ్లు నవ్వుతున్నారు కదా అని ఇంకాస్త కలిపి చెప్పేవాణ్ణి. యాభై దాటిన ఈ వయసులో దాన్ని సరిచేయకుండా ఉండలేకపోతున్నాను.

నేను చెప్పిన కథ ఇది. మా చెల్లెలు పుట్టిన కొత్తలో, నర్సు ట్రైనింగులో ఉన్న పక్కింటి అక్క తెలిసీ తెలియక బాలింత గది తలుపులు బార్లా తెరిచింది. పురిటి బిడ్డను వానలోకి ఎత్తుకొచ్చింది. చల్లగాలి తగిలి బిడ్డ తోటకూర కాడలా వాలిపోయింది. అప్పుడే నీళ్ల బిందెతో వచ్చిన మా నాయనమ్మ బిడ్డను లాక్కొని, వీపు రాచి, దిష్టి తీసి బతికించింది. చెల్లెలి పెళ్లి పందిట్లో కూడా ఇదే చెప్పాను, అక్క కంగారును అభినయిస్తూ. అక్క అక్కడే ఉంది. అందరితో పాటు తనూ నవ్వింది.

మాది ఇల్లందు వైపు ఒక బొగ్గుబాయి కాలనీ. మా నాయిన బాయిలో దిగేవాడు. ఆయన కంటే ముందు మా తాతయ్య దిగేవాడు. ఇంటింటా బొగ్గు ఉండేది కాబట్టి వంటా, వేడినీళ్లూ, వానాకాలంలో వెచ్చదనమూ అన్నీ సిగిడితోనే. పాత ఇనుప బకెట్టుకు లోపల మట్టి మెత్తి చేసిన పొయ్యి అది. రాజేసేటప్పుడు పసుపచ్చటి పొగ కక్కేది. ఆ పొగ చెడ్డదని కాలనీలో అందరికీ తెలుసు. అందుకే వాకిట్లో రాజేసి, పొగంతా పోయి బొగ్గులు ఎర్రగా కణకణలాడేదాకా ఆగి, అప్పుడు లోపలికి తెచ్చేవారు. పొగ పోయిందంటే ఇక భయం లేదని మా లెక్క. మా నాయనమ్మ ఆ విషయంలో మరీ పట్టింపు మనిషి. ఇంకా సన్నగా పొగ లేస్తున్న సిగిడిని ఎవరైనా గడప దాటిస్తే కేకలేసేది.

చెల్లెలు పుట్టినప్పుడు ముసురు పట్టింది. బాలింతకు గాలి సోకకూడదని నాయనమ్మ కిటికీకి గోనెసంచి కుక్కింది. తలుపు కింద సందులో పాత చీర పెట్టింది. మంచం కింద సిగిడి. అమ్మ చెవులకు గుడ్డ కట్టుకొని, బిడ్డను పొదువుకొని ఆ మంచం మీద పడుకునేది. మంచం పక్కన చాప మీద నేను. చెల్లెల్ని వదిలి ఉండలేక అక్కడే పడుకుంటానని మొండికేశాను.

అప్పటి నుంచి పొద్దున లేవగానే నాకు తలనొప్పి. కళ్ల మీద ఎవరో బొటనవేళ్లతో నొక్కుతున్నట్టు ఉండేది. బడికి పోతే గంటలో తగ్గిపోయేది. ఇంకేముంది, బడికి ఎగనామం పెట్టే నొప్పి అని పేరు పడింది. "బడి అనంగనే తలకాయ నొస్తది వీనికి. బువ్వ అంటే నొయ్యదు" అని నాయనమ్మ వచ్చినవాళ్లకల్లా చెప్పేది. ఆదివారం నాడు బడి లేకపోయినా సాయంత్రం దాకా నొప్పి ఉండేది. ఆ రోజంతా నేను చెల్లెలి పక్కనే ఉండేవాణ్ణి. అది ఎవరికీ పట్టలేదు. అమ్మకు కూడా తల తిరిగేది, తిన్నది ఇమిడేది కాదు. పచ్చి ఒళ్లు కదా, అంతేలే అనుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నర్సు ట్రైనింగు పిల్లలు మా కాలనీకి వచ్చారు. రోగం వచ్చాక సూది వేయడం ఒక్కటే నర్సు పని కాదని, ఇల్లు, నీళ్లు, మురుగు పోయే మోరీ, పొయ్యి ఎలా ఉన్నాయో చూడడం కూడా నేర్చుకోవాలని వాళ్ల పెద్ద సిస్టరమ్మ ఇంటింటికీ తిప్పేది. ఆమెది మధిర వైపు. గొంతు ఎప్పుడూ పెంచేది కాదు. మొదటి రోజు ఎవరికీ ఏ సలహా చెప్పకూడదు, చూడాలి, అడగాలి, అంతే అని ఆమె నియమం. మా వరుస ఇళ్లు పక్కింటి అక్కకే పడ్డాయి.

అక్క తెల్లచీర కట్టుకొని మా గుమ్మంలోకి రాగానే నాయనమ్మ నోరు ఊరుకోలేదు.

"ఏమే, మొన్నటిదాంక మా గోడెక్కి చింతకాయలు తిన్నవు, గియ్యాల సిస్టరమ్మవైనవా?"

"చింతకాయ గిప్పుడు పెట్టినా తింట అవ్వా. ముందు జెర మీ మోరీ ఎటు పోతదో చెప్పు."

"రోగం ఎవలికో అడగదు, మోరీ అడుగుతది. ఇదేం సదువే నీది?"

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వి, ఇల్లంతా చూసి, అమ్మ మంచం దగ్గర కూర్చుంది. నేను తల పట్టుకొని మూలన ఉన్నాను. నాయనమ్మ నా బడి నొప్పి సంగతి ఎత్తుకుంది. అక్క ఆమె మాట వింటూనే నా వైపు తిరిగింది.

"ఎక్కడున్నప్పుడు నొస్తదిరా? ఎక్కడికి పోతే తగ్గుతది?"

అప్పటిదాకా నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. "బర్రెల కొట్టం దాటినంక తగ్గుతది" అన్నాను. అది బడికి పోయే దారిలో ఉండేది. గదంతా మళ్లీ ఒకటే నవ్వు. వీడికి పేడ వాసనే మందు అన్నారు. అక్క నవ్వలేదు. నన్ను చూసింది, అమ్మను చూసింది, వంగి మంచం కింద చూసింది.

నియమం మర్చిపోయి అక్కడే అనేసింది. "అవ్వా, సిగిడి బయట పెట్టు. కిటికీ సంచి తీసెయ్."

"పొగ ఏదే? ఉంటే చూపియ్. నాకు నేర్పుతున్నవా నిప్పు పెట్టుడు?"

పొగ లేదు. చూపించడానికి ఏమీ లేదు. నిన్నగాక మొన్న ముక్కు చీదుకున్న పిల్ల అని నాయనమ్మ తీసిపారేసింది. అక్క ముఖం చిన్నబుచ్చుకొని వెళ్లిపోయింది. పెద్ద సిస్టరమ్మకు చెప్పి, మర్నాడు ఆమెను వెంటబెట్టుకొని రావాలని పోయిందని నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు వాన ఇంకా పెరిగింది. నాయిన మొదటి షిఫ్టుకు పోయాడు. నాయనమ్మ నిండా నిప్పులున్న సిగిడిని మంచం కిందికి తోసి, తలుపు దగ్గరగా వేసి, నల్లా దగ్గరికి నీళ్లకు పోయింది. నేను బడికి పోలేదు. లేవాలని చూస్తే కాళ్లు లేవలేదు. అమ్మను పిలిచాను. పలకలేదు. ఆకలి వేళ అయినా చెల్లెలు ఏడవడం లేదు. చెల్లెలి చిన్న చెయ్యి మంచం పట్టె మీంచి కిందికి వేలాడుతోంది. అది నేను చూశాను. తలుపు అప్పటికి మూసే ఉంది.

అప్పుడు అక్క వచ్చింది. పెద్ద సిస్టరమ్మ వెనక వస్తుంటే తను ముందు ఉరికి వచ్చింది. తలుపు నెట్టి ఒక్కసారి అమ్మను పిలిచి, జవాబు లేకపోయేసరికి ఇంకేం అడగలేదు. చెల్లెల్ని ఎత్తుకొని బయటికి పోయింది. మళ్లీ వచ్చి నా రెక్క పట్టి ఈడ్చింది. కిటికీలోని సంచి పీకి పారేసింది. అమ్మను చంకల కింద చేతులేసి గుమ్మం దాకా లాగింది. నేను మెట్టు మీద కూర్చొని వాంతి చేసుకుంటున్నాను. అక్క వసారా అంచున నిలబడి, వాన తుంపర మీద పడుతుండగా, చెల్లెలి వీపు రాస్తూ, అరికాళ్ల మీద తడుతూ "ఏడువే తల్లీ, ఏడువే" అంటోంది. అంటూ అంటూ తనే ఏడుస్తోంది.

నాయనమ్మ బిందెతో వచ్చింది ఆ క్షణానే. ఆమె కంటికి కనబడింది ఏమిటి? బార్లా తెరిచిన తలుపులు, గడపలో పడి ఉన్న కోడలు, వానలో వాలిపోయిన పసిగుడ్డు, దాన్ని పట్టుకున్న నర్సు పిల్ల. బిందె వదిలేసి బిడ్డను లాక్కుంది. "పురిటి బిడ్డను వానల నిలబెడతవా, నీ చేతులు పడిపోను!" అని అరిచింది. ఆ లాగుడులోనే చెల్లెలు కెవ్వుమంది. ఆ ఏడుపు విని నాకు ప్రాణం లేచి వచ్చింది. ఈ రోజుకీ పసిపిల్లల ఏడుపు వింటే నాకు చిరాకు రాదు.

చుట్టుపక్కల ఆడవాళ్లు పోగయ్యేసరికి బిడ్డ నాయనమ్మ ఒడిలో ఏడుస్తోంది. వాళ్లు చూసింది అంతే. అక్క అమ్మ దగ్గరికి ఉరికింది. నేను చూసింది ఎవరికీ చెప్పలేదు.

పెద్ద సిస్టరమ్మ వచ్చి మమ్మల్ని కాలనీ దవాఖానాకు పంపించింది. అమ్మకూ చెల్లెలికీ ఆక్సిజన్ పెట్టారు. ఇద్దరికీ భయం లేదని చెప్పాక ఆమె బయట బల్ల మీద నాయనమ్మ పక్కన కూర్చుంది. తప్పు నీదేనని అనలేదు. మా తాతయ్య గురించి అడిగింది.

"పెద్దమ్మగారూ, మీ ఆయన బాయిలో చెడ్డగాలి సంగతి ఎప్పుడైనా చెప్పేవారా?"

నాయనమ్మ చెప్పడం మొదలుపెట్టింది. బాయి లోపల ఒక గాలి ఉంటుందట. వాసన ఉండదు, పొగ ఉండదు. దీపం మసకబారితే వెనక్కి తిరగాలట. ఒకతను అలసటగా ఉందని కూర్చున్నాడు, మళ్లీ లేవలేదట. కూర్చున్నవాడి తలకాయ ముందు నొప్పి పెట్టిందట. చెబుతూ చెబుతూ ఆమె ఆగిపోయింది. నా వైపు చూసింది. తరతరాలుగా బొగ్గు తవ్వే ఇల్లు మాది. బాయిలో మనిషిని పడేసే గాలి గురించి మా వాళ్లకు తెలుసు. మా మంచం కింది ఎర్రటి నిప్పుల్లోంచి కూడా అలాంటి గాలే పుడుతుందని మాత్రం ఏ ఒక్కరికీ తట్టలేదు.

"నేనే పెట్టిన అమ్మా" అంది నాయనమ్మ. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

పెద్ద సిస్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "మా పిల్లలకు బాలింత గది ఎలా ఉండాలో మీరే చెప్పాలి. నేను చెప్తే ఈ కాలనీలో ఎవరూ వినరు. మీరు చెప్తే వింటారు."

అమ్మ ఇంటికి వచ్చాక, ట్రైనింగు పిల్లలూ కాలనీ ఆడవాళ్లూ మా వాకిట్లో కూర్చున్నారు. నాయనమ్మ కర్ర పట్టుకొని నిలబడి చెప్పింది. సిగిడి గడప దాటొద్దు. కిటికీ మూయొద్దు. బాలింతకు చలైతే ఇంకో దుప్పటి కప్పుండ్రి. ఇల్లంతా తలకాయ నొప్పి అంటే ముందు నిప్పును బయట పడేయండ్రి. అక్క ఆ పిల్లల మధ్యనే కూర్చొని, ఇదంతా మొదటిసారి వింటున్నట్టు తల ఊపుతోంది. తర్వాత గోడ పక్కన అక్కా, పెద్ద సిస్టరమ్మా మాట్లాడుకోవడం నా చెవిన పడింది.

"నన్ను దయ్యం లెక్క చూస్తున్నరు మేడం."

"చూడనీ. వాళ్ల కిటికీలు తెరుచుకున్నాయి కదా. వచ్చే వారం నువ్వు మళ్లీ అదే ఇంటికి వెళ్లాలి."

అక్క మళ్లీ వచ్చింది. నాయనమ్మ ఏమీ అనకుండా చింతకాయ పచ్చడితో అన్నం పెట్టింది. క్షమాపణ అంటే ఆమెకు అదే చేతనైంది. కానీ బయట కథ మారలేదు. అక్క బిడ్డను వానలో పెట్టిందని, నాయనమ్మ బతికించిందని కాలనీ అంతా చెప్పుకుంది. కిటికీలు తెరవమన్న నాయనమ్మ మాటకు విలువ నిలవాలంటే ఆ కథ అలా ఉండడమే మంచిదని పెద్దవాళ్లు ఊరుకున్నారు. అక్క తర్వాత చర్ల దగ్గర అడవి ఊళ్లలో నర్సుగా పనిచేసి, అక్కడే రిటైరైంది. నాయనమ్మ పోయాక ఆ కథను కాపాడాల్సిన అవసరం ఎవరికీ లేదు. నేను మాత్రం చెబుతూనే ఉన్నాను. నవ్వు వస్తుంది కాబట్టి చెప్పాను, అంతే.

ఇప్పుడు నా బిడ్డ భద్రాచలంలో నర్సింగు చదువుతోంది. పోయిన వానాకాలం చర్ల వైపు ఊళ్లలో ఇళ్లు చూసే పని పడింది వాళ్ల బ్యాచ్‌కు. పొయ్యి, పొగ, కిటికీ గురించి ఇంటింటా అడగాలట. ఫోన్ చేసి మన ఇంటి కథ మళ్లీ చెప్పు నాన్నా అంది. ఎప్పటిలాగే చెప్పాను. తను నవ్వలేదు.

"నాన్నా, చిన్నత్త సోలిపోయింది తలుపు తెరిచినంకనా, తెరవకముందా?"

నేను బడిపంతుల్ని. రోజూ పిల్లల్ని ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఈ ప్రశ్న ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. జవాబు నాకు ఎప్పుడూ తెలుసు. మూసి ఉన్న తలుపూ, వేలాడుతున్న ఆ చిన్న చెయ్యీ నేను ఏనాడూ మర్చిపోలేదు.

"ముందే బిడ్డా" అన్నాను.

చెల్లెలి కొత్తింటి గృహప్రవేశానికి అక్కను నేనే వెళ్లి తీసుకొచ్చాను. భోజనాలకు ముందు అందరినీ కూర్చోబెట్టి, ఎవరి గొంతూ అభినయించకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. మంచం మీద కూర్చున్న అమ్మ "అవ్, గట్లనే. నన్ను గుంజిన చేతులు ఎవలివో నాకు ఎరుకనే" అంది. మా చెల్లెలు లేచి వెళ్లి అక్క పక్కన కూర్చుంది. ఆమె చెయ్యి తీసుకొని తన వీపు మీద పెట్టుకుంది. అక్క కళ్లు తుడుచుకొని నన్ను తిట్టింది. "గీ ముచ్చట చెప్పనీకి ఇన్నేండ్లు పట్టిందారా నీకు? ఆకలైతంది, అన్నం పెట్టుండ్రి." అందరం నవ్వాం. అన్నేళ్లూ ఆ కథ చెప్పిన నాకు, ఆ రోజు నవ్వినంత హాయిగా ఎప్పుడూ నవ్వు రాలేదు.

నా బళ్లో తలనొప్పి అనో కడుపునొప్పి అనో వచ్చే పిల్లలు ఎక్కువే. నిజమా అబద్ధమా అని నేను వాళ్ల కళ్లలో వెతకను. పక్కన కూర్చోబెట్టుకొని, ఎక్కడున్నప్పుడు నొస్తది, ఎక్కడికి పోతే తగ్గుతది అని అడుగుతాను. వాళ్లు ఏ జవాబు చెప్పినా నవ్వను.